రెండిళ్ల కొప్పు

“నా పెంకల మీద చెయ్యి పెట్టకుండ్రి,” అంది గంగుబాయి.

గొంతు పెంచలేదు. ఒళ్లోని చాటలో తంబాకు సర్దుకుంటూ, ఆ చాటకే చెప్పినట్టు చెప్పింది. “ఎగిరిపోయినయి మీ ఇనుప పత్రాలు. నా పెంకలు ఎగరలె. మీ దిక్కు మీరు ఏమన్న ఏసుకోండ్రి.”

సగం నిచ్చెన ఎక్కిన శ్రీనివాస్ మేస్త్రి అక్కడే ఆగిపోయాడు. పైకి ఎక్కాలో కిందికి దిగాలో తెలియక, తలుపులోంచి సీతాబాయి వైపు చూశాడు. సీతాబాయి తల తిప్పుకుంది. ఆమెకూ తెలియదు.

గాలిదుమారం వచ్చిన సాయంత్రం నుంచి సీతాబాయి, భర్త సిద్ధరాములు, కొడుకు శుభమ్ ఈ తోటికోడలి ఇంట్లోనే తలదాచుకుంటున్నారు. తోటికోడలి ఇల్లంటే వేరే ఇల్లేమీ కాదు. జోడ్‌భావి పేటలో మామ కట్టిన ఒకే ఇల్లు. ముందు వాలు పెద్దకొడుకు సిద్ధరాములుది, వెనక వాలు చిన్నకొడుకుది, అంటే గంగుబాయి భర్త మల్లేశానిది. రెండు వాలులూ పైన కలిసేచోట కొప్పు పెంకుల వరుస, దాని కింద మధ్యగోడ. వెనక వాలు మీద మామ వేయించిన పెంకులే ఇప్పటికీ ఉన్నాయి. ముందు వాలు మీద మొన్నటిదాకా రేకులుండేవి, పేటలో పత్రాలనేవి. ఇప్పుడు ఆకాశం ఉంది.

ఎగిరిన రేకుల్లో ఒకటి సందు దాటి ఎదురింటి వాళ్ల నీళ్ల ట్యాంకు మీద పడింది. ఇంకొకటి కరెంటు తీగకు చుట్టుకుని తెల్లారేదాకా వేలాడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది దేవుడి దయ అని పేటంతా అన్నది. సీతాబాయి కూడా అన్నది. వచ్చినవాళ్లందరితో అనీ అనీ ఆమె నోరు అలిసిపోయింది.

“గంగక్కా, నీ పెంకలు మంచిగ లేవని నేనంటలె,” అన్నాడు మేస్త్రి నిచ్చెన మీది నుంచే. “గని కొప్పు చూసినవా? పత్రాలు లేసేటప్పుడు కొప్పు పెంకలను గూడ కదిలిచ్చినయి. ముందర దిక్కు ఖాలీ అయింది గద. గాలి ఇప్పుడు సీదా నీ పెంకల కిందికి వస్తది. మీదికెళ్ళి కొట్టే గాలికి పెంక ఆగుతది. కిందికెళ్ళి లేపే గాలికి ఆగది.”

“అట్లయితే ముందర దిక్కు జల్ది కప్పుండ్రి.”

“కప్పుతం. ఏంతోని కప్పాలె అన్నదే కద లొల్లి.”

“లొల్లి ఏం లేదు మామా,” అన్నాడు శుభమ్. టవళ్ల కార్ఖానాలో రాత్రి పాళీ చేసి అప్పుడే వచ్చాడు. జుట్టులో ఇంకా దూది పీచు ఉంది. “పత్రానే. ఇనుప పైపుల మీద స్క్రూలు బిగించి ఏస్తే ఏ వాదళ్, ఎంత దుమారం వచ్చినా కదలది. మనం రాళ్లు పెట్టి ఆపినం. రాళ్లు పెడితె ఎగరకుంట ఉంటయా? పావుస వానలు మొదలయ్యే లోపల అయ్యే పని అదొక్కటే.”

“స్క్రూలు ఏస్తే మంచిదే,” అన్నాడు మేస్త్రి. “గని ఒక దిక్కు పత్రా, ఇంకో దిక్కు పెంక అంటె కొప్పు కాడ అతుకు నిలవది. ఎండకు పత్రా సాగుతది, చల్లబడితె ముడుచుకుంటది. ఎంత సిమెంటు పెట్టినా ఇడుస్తది. రెండు దిక్కుల ఒక్కటే ఉండాలె. పెంక అంటె రెండు దిక్కుల పెంక. ఈ పాత వాసాలు గూడ ఇప్పి, కొత్తయి ఏసి, మల్ల మొదటికెళ్ళి పేర్చుకుంట రావాలె.”

అతుకు అన్న మాట పడగానే సీతాబాయి చూపు మల్లేశం మంచం మీదికి పోయింది.

ఆ అతుకు సంగతి వాళ్లందరికీ తెలుసు. శుభమ్ చిన్న బడికి పోయే రోజుల్లో, ఒక గాలి సాయంత్రం పెంకు ఒకటి జారి వాడు అప్పుడే లేచి వెళ్లిన చాప మీద పడింది. సిద్ధరాములు ఆ మర్నాడే తన వాలు మీది పెంకులన్నీ దింపించి రేకులు వేయించాడు. ఆ వానాకాలమే కొప్పు దగ్గర కారడం మొదలైంది. సరిచేద్దామని తమ్ముడు మల్లేశం పైకెక్కాడు. తడి పెంకు మీద కాలు జారింది. అప్పటి నుంచి అతని నడుము కింది భాగం అతని మాట వినదు.

తమ్ముడు అన్నను ఒక్క మాట అనలేదు. గంగుబాయి కూడా అనలేదు. బావతో మాట్లాడడం మానేసింది, అంతే. ఇప్పుడు అదే బావకు తన ఇంట్లో రోజూ కంచం పెడుతోంది. కంచం పెట్టి, “తినుమను అక్కా,” అని సీతాబాయితో చెబుతుంది.

సిద్ధరాములు గడప మీద కూర్చుని ఉన్నాడు. ఆ ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ఆయన పగలంతా గడప దాటి లోపలికి రాలేదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

“మేస్త్రీ, దిగు,” అన్నాడాయన. “మనం ముందర దిక్కు కొలతలు తీసుకుందాం నడు.”

గంగుబాయి చుట్టిన బీడీ కట్టలు సంచిలో వేసుకుని కార్ఖానాకు బయల్దేరింది. పోతూ పోతూ మల్లేశం మంచం పక్కన నీళ్ల చెంబు జరిపింది. శుభమ్ గోడవారన చాప మీద పడి, ఒక చేత్తో కళ్లు కప్పుకుని నిద్రలోకి జారాడు.

సీతాబాయి ఆకు కట్ట విప్పింది. ఇల్లు పోయినా బీడీలు ఆగవు. తునికాకును పలక ఆనించి కత్తిరిస్తుంటే ఆమెకు ఒక సంగతి మళ్లీ తట్టింది. ఆకు ఇంకా మెత్తగానే ఉంది. పొద్దున నానబెట్టిన ఆకు. తన ఇంట్లో అయితే ఈపాటికి ఎండు అప్పడమై ఉండేది.

మంచం మీద మల్లేశం వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నాడు. అతను ఎప్పుడూ అట్లాగే చూస్తాడు. పైన పెంకుల సందుల్లోంచి వెలుగు సన్నని గీతలుగా అతని దుప్పటి మీద పడుతోంది.

“నీకు తెల్వది మల్లేశం,” అంది సీతాబాయి, కత్తెర ఆపకుండానే. “ఎండకాలం మా దిక్కు కూసుంటె నెత్తి మీద పెనం పెట్టినట్టుంటది. మధ్యాహ్నం ఆకు ముట్టుకుంటె పలపల ఇరుగుతది. నీళ్లు చల్లుడే ఒక పని. ఎన్నేండ్ల సంది అట్లనే ఎల్లదీసిన. ఈడికొచ్చినంక తెలుస్తుంది, ఎంత ఉడికిపోయిన్నో. మీ పెంకలే నయం.”

సీతాబాయి ఇంకో నాలుగు ఆకులు కత్తిరించింది. మల్లేశం నిద్రపోయాడేమో అనుకుంది.

“వదినె, ఒక ముచ్చట చెప్త. గంగుకు చెప్పద్దు.”

“చెప్పు.”

“నాకు ఈ పెంకలంటె భయం.”

ఆమె కత్తెర ఆగింది. సరిగా వినలేదేమో అనుకుని అతని ముఖం వైపు చూసింది. అతను పైకే చూస్తున్నాడు.

“గాలి రాంగనే నువ్వు లేస్తవు. అన్న లేస్తడు. శుభమ్ బయటికి ఉరుకుతడు. నేనెటు ఉరకాలె? మొన్న దుమారం నాడు కొప్పు కాడ పెంకలు లేస్తున్నయి, పడుతున్నయి, లేస్తున్నయి. మా పత్రాలు పోయె అని మీరందరు బయట మొత్తుకుంటున్నరు. నేను ఈడ మొఖం మీద మెత్త పెట్టుకొని పన్న.”

సీతాబాయి అతని తల కింది దిండు వైపు చూసింది. ఆ సాయంత్రం ఈ గదిలో ఒక మనిషి ఉన్నాడన్న సంగతే ఆమెకు గుర్తు రాలేదు. గంగుబాయి కూడా గుండిగలు పట్టుకుని ముందు గదిలోకే ఉరికి వచ్చింది. అందరూ సీతాబాయి సామాన్లు కాపాడారు.

“గంగుకు ఎందుకు చెప్పలె?”

అతను తలను గోడవైపు తిప్పుకున్నాడు. సీతాబాయి కత్తెర మళ్లీ తీసుకుంది కాని, ఆకు వంకరగా తెగింది.

కొంతసేపటికి ఆమె లేచి, పక్క సందులోంచి ముందు భాగానికి వెళ్లింది. సొంత ఇంట్లోకి పోతున్నట్టు లేదు. గోడలు అట్లాగే ఉన్నాయి. గూట్లో దేవుడి పటం అట్లాగే ఉంది. ఎండ మాత్రం గది నడిమిట్లో నిలబడి ఉంది. సిద్ధరాములు రాలిన గచ్చు పెళ్లలు ఊడ్చి మూలకు కుప్ప చేస్తున్నాడు. మేస్త్రి మధ్యగోడ మీద టేపు పట్టుకుని ఉన్నాడు.

“మేస్త్రీ, పెంక జారకుంట ఉండే ఉపాయం లేదా?” అని అడిగింది.

“ఎందుకు లేదు అక్కా? పెంక కింద ఒక చెవి ఉంటది, దానికి బొక్క ఉంటది. అందులకెళ్ళి తీగ తీసి కింది రీపరు చెక్కకు కట్టాలె. మా నాయన కాలంల ఎవలూ కట్టలె, ఉత్తగనే పేర్చిండ్రు. ఈ గాలులకు ఇగ అట్ల నడవది. అంచు వరుసలు, కొప్పు వరుస అయితే పక్కా కట్టాలె. నన్నడిగితె అన్ని కట్టుమంట. కష్టమే, గని ఎగరయి.”

“మీద ఏదన్న పడి పలిగితే?”

“పలిగితె ముక్క కిందికి వస్తది. రావద్దంటె వాసాల మీద చెక్క పలకలు పరిచి, దాని మీద పెంక ఎయ్యాలె. బరువు పెరుగుతది. కొత్త వాసాలు మజ్బూత్‌గ ఉండాలె.” అతను గడ్డం గోక్కున్నాడు. “గని గంగక్క ఒప్పుకోకపోతె ఇదంత ఉత్త మాటనే.”

సిద్ధరాములు చీపురు ఆపలేదు. “పత్రానే ఏద్దాం,” అన్నాడు. “శుభమ్ చెప్పింది అయితది.”

“నన్ను ఒక్కసారన్న అడిగినవా?”

“ఏమడగాలె?”

“అప్పుడు పెంకలు దించినప్పుడు అడగలె. ఇప్పుడు గూడ అడుగుతలెవ్.”

ఆయన చీపురు గోడకు ఆనించి, ఆమె వైపు చూడకుండా చేతులు దులుపుకున్నాడు. “పెంక అంటె ఆమె దిక్కు గూడ ఇప్పాలె సీతా. తమ్ముడు ఆ మంచం మీద ఉన్నడు. ఆ ఇంటి మీద చెయ్యి పెడతనని ఏ మొఖం పెట్టుకొని అడగాలె? ఉడికితె ఉడుకుదాం. అలవాటే గద.”

అలవాటే. ఆ మాటతో సీతాబాయి గది చుట్టూ చూసింది. కూర్చుందామంటే నీడ లేదు. ఆమె వచ్చిన సందులోంచే వెనక్కి నడిచింది.

గంగుబాయి తిరిగి వచ్చేసరికి ఎండ వాలుతోంది. సంచి ఖాళీ కాలేదు. కొన్ని కట్టలు బాగా లేవని వెనక్కి ఇచ్చారట. ఆమె ఎవరితోనూ మాట్లాడకుండా ఆ కట్టలు చాట పక్కన పెట్టి, చెంబెడు నీళ్లు తాగింది. నైరుతి దిక్కున మబ్బు పట్టింది. సందులో ఎవరో తీగ మీది బట్టలు లాగుతున్నారు.

శుభమ్ నిద్ర లేచి ఫోను చూసుకుంటున్నాడు. “బాపూ, పత్రాలు రేపు పొద్దుగాలనే పంపిస్తరట. హో, సరే అని చెప్పాల్నా?”

గడప మీది నుంచి సిద్ధరాములు తలూపాడు. “చెప్పు.”

“చెప్పకు,” అంది సీతాబాయి.

శుభమ్ తల ఎత్తాడు. అమ్మ గొంతు అట్లా ఉంటుందని అతనికి తెలియదు.

“నేను ఇగ పత్రా కింద కూసోను. మీరిద్దరు బయట పనికి పోతరు. దినమంత దాని కింద కూసునేది నేను. మూడు పూటలు నీళ్లు చల్లుకుంట ఆకు చుట్టేది నేను. ఇగ నాతోని గాదు.”

“అమ్మా, గిప్పుడు చల్లదనం చూసుకునే టైమా? ముందు తలకాయ మీద కప్పు పడనియ్యి.”

“పెంక గూడ కప్పే. కట్టి ఏస్తే ఎగరదంట. మేస్త్రి చెప్పిండు.”

గంగుబాయి ఆకు తడుపుతున్న చెయ్యి ఆగింది. “మేస్త్రి ఇంకేం చెప్పిండక్కా? నా ఇల్లు ఇప్పాలని చెప్పలేదా?”

“ఇప్పాలె. రెండు దిక్కుల ఒక్కపారి ఎయ్యాలె. నీది గూడ పాతపడ్డది గంగూ. వాసాలు చూడు.”

“అంటె నీకు చల్లగుండాలని నేను వాన ముందర ఇల్లు ఇప్పుకోవాలె.” గంగుబాయి నెమ్మదిగా మాట్లాడుతోంది. అలసిపోయిన మనిషి మెట్లు ఎక్కినట్టు ఒక్కొక్క మాట. “ఆ కొప్పు కోసం ఒక మనిషి పడ్డడు. ఆ మనిషి పానం పెట్టి నిలబెట్టిన పెంకలు అవి. మీరు ఒకపారి ఇప్పితె మాకు ఇంత అయింది. అది సాలదా?”

సిద్ధరాములు గడప మీది కాలు బయటికి తీసుకున్నాడు.

“చిన్నమ్మా, అందుకే పత్రా అంటున్న,” అన్నాడు శుభమ్. “నీది ఎవలూ ముట్టరు.”

“ముట్టకుండ్రి. మేము సుఖంగనే ఉన్నం.”

“సుఖంగ ఉన్నమని నువ్వంటున్నవ్,” అంది సీతాబాయి. “ఆయనను అడిగినవా?”

అనకూడదని ఆమెకు తెలుసు. మంచం మీద మల్లేశం చెయ్యి కొద్దిగా లేచింది, వద్దన్నట్టు. ఆమె చూసింది కూడా. కాని మాట అప్పటికే సగం బయటికి వచ్చింది, మిగతా సగం దాని వెంటే వచ్చింది.

“గాలి వచ్చినప్పుడల్ల ఆయన భయపడుతున్నడు గంగూ. ఆ పెంకలు మీద పడతయని. మొన్న దుమారం నాడు మనమందరం బయట ఉంటె, మొఖం మీద మెత్త పెట్టుకొని పన్నడంట.”

పక్కింటి మగ్గం షెడ్డులో కరెంటు వచ్చింది కాబోలు, మరమగ్గాల చప్పుడు మొదలై గోడలోంచి వినపడసాగింది.

గంగుబాయి భర్త వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. పైకి చూడలేక, పక్కకు తిరగలేక, కళ్లు మూసుకున్నాడు. ఆ మూసుకోవడంతోనే ఆమెకు జవాబు దొరికింది.

“అక్కతోని చెప్పినవ్,” అంది గంగుబాయి.

చాట తీసి మూలకు పెట్టింది. తంబాకు చేతులు చీరకు తుడుచుకుంది. కొంగు నడుముకు చుట్టి బిగించి, సీతాబాయి పక్కనుంచే బయటికి నడిచింది. సీతాబాయి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. చెయ్యి దొరకలేదు.

మొదట నిచ్చెన గోడకు తగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత పైన పెంకుల మీద మోకాళ్లు జరుగుతున్న చప్పుడు.

“చిన్నమ్మా,” అంటూ శుభమ్ బయటికి ఉరికాడు. “దిగు చిన్నమ్మా. మేస్త్రి రేపు వస్తడు. మబ్బు పట్టింది, చూస్తలెవా?”

లోపల సీతాబాయి పైకి చూస్తూ నిలబడిపోయింది. సరిగ్గా మంచానికి పైన, ఒక పెంకు కదిలింది. గీసుకుంటూ పక్కకు జరిగింది. మట్టి కొంచెం రాలి మల్లేశం దుప్పటి మీద పడింది. తర్వాత ఇంకో పెంకు. ఇంకొకటి. తొలగించిన పెంకులను గంగుబాయి కిందికి విసరడం లేదు, పక్క వరుస మీద జాగ్రత్తగా ఆనిస్తోంది. కాసేపటికి అక్కడ పీటంత సందు పడింది. ఆ సందులోంచి బూడిదరంగు వెలుగు తిన్నగా మల్లేశం ముఖం మీదికి దిగింది. ఆ వెలుగులో గంగుబాయి ముఖం కనిపించింది.

“నాకెందుకు చెప్పలె?”

మల్లేశం కళ్లు తెరిచాడు. ఎన్నో ఏళ్లుగా కిందినుంచి పైకి చూస్తున్న మనిషికి, పైనుంచి ఒక మనిషి చూడడం కొత్తగా ఉన్నట్టుంది.

“చెప్తె నువ్వే ఎక్కుతవు,” అన్నాడు. “ఎక్కితె నువ్వు గూడ పడుతవు. ఇద్దరం మంచాల మీద పడితె మనల్ని ఎవలు చూడాలె?”

గంగుబాయి చేతిలో ఉన్న పెంకును ఎక్కడ పెట్టాలో మరిచిపోయినట్టు పట్టుకునే ఉంది.

గాలి మొదటి విసురు సందులోంచి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. సీతాబాయి బయటికి వచ్చేసరికి సిద్ధరాములు నిచ్చెన దగ్గర ఉన్నాడు. ఆయన ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు. పంచె గాలికి కొట్టుకుంటోంది. తమ్ముడు పడిన నాటి నుంచి ఆయన ఆ కొప్పు మీదికి ఎక్కలేదు.

“నువ్వు పైకి రాకు బావా,” అంది గంగుబాయి.

నేరుగా ఆయనతోనే అంది. సిద్ధరాములు ఆ మాట విని కదలకుండా నిలబడిపోయాడు. ఇన్నేళ్ల తర్వాత ఆమె తనతో మాట్లాడిందన్న సంగతి ముందు అర్థమై, మాట ఏమిటో తర్వాత అర్థమైనట్టుంది.

లోపలి నుంచి, తెరిచిన పెంకుల సందులోంచి, మల్లేశం గొంతు వినిపించింది.

“రానియ్యి గంగూ. అన్నను రానియ్యి.”

సిద్ధరాములు భార్య వైపు తిరిగి చూశాడు. గాలి మళ్లీ కొట్టింది. నిచ్చెన గోడ మీద జానెడు పక్కకు జరిగింది. సీతాబాయి ముందుకు వంగి దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఎక్కమని అనలేదు. దిగమనీ అనలేదు.

పైన, గంగుబాయి వెనక, విప్పిన వరుస పక్కనున్న పెంకులు ఒక్కొక్కటే కదలడం మొదలుపెట్టాయి.